మూడు చుట్ల మీద ఇంకొంచెం

ఈ ఉదయం పికప్ కింద వెల్లకిలా పడుకుని వెనక యాక్సిల్ ఆయిలు బోల్టు విప్పాను. గోరువెచ్చటి నల్లటి ఆయిలు సన్నటి ధారగా ట్రేలోకి దిగింది. దాంతోపాటే ఆ వాసనా దిగింది. గేరాయిలు వాసన ఎరగనివాళ్ళకు దాన్ని చెప్పడం కష్టం. కుళ్ళిన కోడిగుడ్డును వెల్లుల్లితో కలిపి నూరి ఎండలో మరిచిపోతే ఎట్లా ఉంటుందో దాదాపు అట్లా ఉంటుంది. వంటింట్లోంచి మామా, అంటే మా యజమానురాలు, ముక్కు మూసుకునే ఏదో అరిచి కిటికీ రెక్క ధడాలున వేసుకుంది. నేను మాత్రం అక్కడే పడుకుని రెండుసార్లు గట్టిగా పీల్చాను. అత్తరు కొట్టుకు వెళ్ళినవాడు కూడా అంత శ్రద్ధగా పీల్చడు. నాకు అది ఆయిలు వాసన కాదు, ఒక మనిషి వాసన. సత్యానందం మేస్త్రీ వాసన.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. కువైట్‌లో అర్దియా గ్యారేజీల వైపు ఇరవై ఏళ్ళలో ఎప్పుడైనా బండి తీసుకెళ్ళినవాళ్ళు ఆయన కాళ్ళు మాత్రం చూసి ఉంటారు. మిగతా మనిషి ఎప్పుడూ ఏదో ఒక బండి కిందే ఉండేవాడు. పాలకొల్లు దగ్గరి పల్లె ఆయనది. పొట్టి మనిషి, తెల్ల మీసం, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సుద్దముక్క. ఆయన భార్య సుగుణమ్మగారు ఆసుపత్రిలో నర్సు. "ఇంట్లో ఇద్దరం డాక్టర్లమేరా. ఆవిడ మనుషులకి, నేను బళ్ళ నడుములకి" అనేవాడు. ఇంజను పని ముట్టుకునేవాడు కాదు. వెనక యాక్సిల్, దాని మధ్యలో కుండలా ఉబ్బిన ఇనుప డిప్ప, ఆ డిప్పలో ఉండే క్రౌన్, పినియన్ అనే రెండు పళ్ళచక్రాలు, అంతే ఆయన లోకం. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే చర్చికి ఇస్త్రీ చొక్కాతో వెళ్ళేవాడు. ఆ ఒక్కరోజు ఆయన్ని గుర్తుపట్టడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక నా సంగతి. నాది రాయచోటి దగ్గర. ఏడో తరగతిలో మా క్లాసులోకి దశాంశాలు వచ్చాయి, నేను వెళ్ళిపోయాను. ఇద్దరికీ చోటు చాలలేదు. చుక్క పెట్టి అంకెలు రాయడం ఏమిటో, చుక్క తరవాతి అంకెలు చుక్క ముందువాటికి ఏమవుతాయో అయ్యవారు చెప్పారు, నేనే వినలేదు. ఆ తరవాత మదనపల్లె మార్కెట్టునుంచి టమాటా లోడు తోలాను. టమాటాలకు చుక్కల లెక్కలు పట్టవు. పదేళ్ళు తోలి, ఇంటి డ్రైవరు వీసా మీద కువైట్‌కు వచ్చాను. మా కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, అందరూ బూ ఫహద్ అంటారు, నేను బాబా అంటాను. మొదటిరోజే ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "పెద్ద పికప్‌లు తెలుసా? వెనక ట్రైలర్ కట్టి లాగడం వచ్చా?" అని అడిగాడు. నేను అప్పటిదాకా లాగిన పెద్ద వస్తువు చెడిపోయిన మా బావ స్కూటరు. "అన్నీ తెలుసు బాబా" అన్నాను. నా జీవితంలో అంత పొట్టి అబద్ధం ఇంకొకటి ఆడలేదు. అంత బరువైనదీ ఇంకొకటి లేదు.

మేస్త్రీని కలిసింది బాబా పాత పికప్ వల్ల. అది అరవై దాటితే వెనకనుంచి కూనిరాగం తీసేది, ఎనభై దాటితే శోకాలు పెట్టేది. ఎవరో చెబితే అర్దియాకు తోలుకెళ్ళాను. షెడ్డులో ఒక లారీ కింద రెండు కాళ్ళు కనిపించాయి. కాళ్ళకే సలాం చెప్పాను. కాళ్ళు తెలుగులో జవాబిచ్చాయి.

"ఏ ఊరురా అబ్బాయ్?"

"రాయచోటి సామీ."

"బండి ఎందుకలా ఏడుత్తా వచ్చింది?"

"నా బతుకు సూసి దానికి జాలేసినట్టుండాది."

ఆయన బయటికొచ్చి, నవ్వకుండా నా మొహం చూసి, మా పికప్ కిందికి దూరాడు. అర్థం కాలేదేమో అనుకున్నాను. రెండు నిమిషాల తరవాత బండి కిందనుంచి కిచకిచమని నవ్వు వినిపించింది. ఆయన తీరే అంత. జోకు చెవిలోంచి లోపలికెళ్ళి, గేర్లన్నీ దాటుకుని, నవ్వు చక్రాల దాకా రావడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆయనకు జోకు చెప్పినవాళ్ళు చాలామంది నవ్వు రాకముందే వెళ్ళిపోయేవాళ్ళు. నేను ఆగేవాణ్ణి. మా స్నేహం అట్లా కుదిరింది.

ఆ రోజే మొదటిసారి ఆయన సుద్ద లెక్క చూశాను. ముందు చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, వెనక చక్రం ఒక్కటి జాకీతో గాల్లోకి లేపాడు. టైరు మీద ఒక సుద్ద గీత. ఇంజను దగ్గరినుంచి వెనక్కి వచ్చే పొడుగాటి షాఫ్టు మీద ఇంకో సుద్ద గీత. తరవాత చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పుతూ షాఫ్టు మీది గీత ఎన్ని చుట్లు తిరిగిందో చూశాడు. ఒక్క చక్రమే లేపితే రెండుసార్లు తిప్పాలట, రెండూ లేపి కలిపి తిప్పితే ఒకసారి చాలట. ఎందుకని అడిగితే, "కిందున్న చక్రం బద్ధకంగా కూర్చుంది గదా, దాని వాటా కూడా ఇదే తిరగాలి. మీ ఇంట్లో పని నీ ఒక్కడి మీదే పడదేంటీ? అలాగ" అన్నాడు.

"డోరు కాడ స్టిక్కరు మింద అంతా రాసుండాది గదా మేస్త్రీ. మళ్ళీ లెక్కపెట్టేదెందుకు?"

"స్టిక్కరు అంటించినోడు ఈ బండి పుట్టినరోజు చూశాడురా. తరవాత ఎవడు దీని నడుం మార్చాడో ఆడికేం తెలుసు? సుద్దకి తెలుత్తాది."

నిజంగానే ఎవరో ఏనాడో ఆ డిప్పలో వేరే క్రౌన్ పినియన్ వేసి, సరిగ్గా కూర్చోబెట్టకుండా పంపేశారు. ఏడుపు అందుకే. విప్పి, కడిగి, మళ్ళీ కూర్చోబెట్టాక ఆయన షాఫ్టు మీది సుద్ద గీత తుడవలేదు. తుడవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉంచు. రేపు ఇంకోడు కింద దూరతాడు. తనకన్నా ముందు ఎవడో లెక్కపెట్టాడని ఆడికి తెలియాలి" అన్నాడు. వారంలో దుమ్ముకు పోయే గీత అది. అయినా ఎప్పుడూ తుడవలేదు.

ఆ తరవాత ఖాళీ దొరికితే అర్దియాకు పోయేవాణ్ణి. టీ తెచ్చేవాణ్ణి, పానాలు అందించేవాణ్ణి, రెండు నిమిషాల నవ్వు కోసం కాచుకునేవాణ్ణి. ఒకరోజు ఆయన్ని అడిగాను, ఈ చుట్ల లెక్కతో ఒరిగేదేమిటని. ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"మీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు టమాటా లోడుతో ఏ గేరు వేత్తావు?"

"ఫస్టు గేరు. లోడు ఎక్కువుంటే ఫస్టు గేరు, ఏడుకొండలవాడు."

"ఫస్టులో ఏమవుద్ది? ఇంజను గింగిరాలు తిరుగుద్ది, చక్రం నింపాదిగా తిరుగుద్ది. అందుకే లాగుద్ది. ఆ పనే ఈ డిప్పలో రాత్రీ పగలూ జరుగుద్ది. షాఫ్టు ఎక్కువ చుట్లు తిరిగి చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పితే, అది లాగే బండి. తక్కువ చుట్లకే తిప్పేత్తే, అది పరిగెత్తే బండి. ఇంజను ఎంత పెద్దదైనా దాని బలం ఈ డిప్ప దాటుకునే నేలకి చేరాలి."

అయ్యవారు ఏడాదంతా చెప్పి ఎక్కించలేనిది ఆయన ఒక టీ చల్లారేలోపు ఎక్కించాడు. ఎక్కిందనే నేను అనుకున్నాను.

కొన్నాళ్ళకు బాబా కొత్త పడవ కొన్నాడు. పాతదానికి రెండింతలు. వెనక రెండు ఇంజన్లు, మధ్యలో చిన్న గది, గదిలో ఏసీ. మా ఊళ్ళో నేను పెరిగిన ఇల్లు దాని ముందు బిడియపడేది. దాన్ని యార్డునుంచి సముద్రం దాకా, సముద్రంనుంచి యార్డు దాకా లాగాలి. పాత పికప్ వల్ల కాదని చూడగానే తెలుస్తోంది. బాబా నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆయన కూర్చోమన్నాడంటే విషయం పెద్దదని.

"రామా," అన్నాడు. నా పేరు రామాంజులు, సగమే వాడతాడు. "కొత్త పికప్ నువ్వే ఎంచు. అన్నీ తెలుసన్నావుగా. నీ ఇఖామా ఇంకో రెండు నెలలే ఉంది. బండి బాగుంటే నీకూ రెండేళ్ళు కొట్టిస్తాను. బాగోలేకపోతే బండ్లు తెలిసిన వేరేవాణ్ణి చూసుకుంటాను."

ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం సంగతి నవ్వుతూనే అన్నాడు. కానీ నాకు ముందున్న డ్రైవరు గేర్‌బాక్సు కాల్చేసి, ఖలాస్ అనిపించుకుని అదే వారంలో విమానం ఎక్కిన కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఊళ్ళో నా కూతురు అప్పుడే మంచి బడిలో చేరింది. దాన్ని దశాంశాలు దాటించి పై క్లాసులకు పంపుతానని మా ఆవిడకు మాటిచ్చి వచ్చాను. ఇఖామా ఆగితే ఆ బడీ ఆగుతుంది.

మేస్త్రీకి చెప్పాను. "శనివారం దాకా ఆగు, నేనూ వత్తాను" అన్నాడు. పక్కన ఇద్దరు పంజాబీ డ్రైవర్లు వింటున్నారు. నాకు రోషం వచ్చింది. "ఇంతకాలం మీ కింద టీలు మోసింది ఎందుకు మేస్త్రీ? నేనే సూసుకుంటా" అన్నాను. ఆయన ఒక్కసారి నావైపు చూసి, "సరే. ఇంజను చప్పుడికి పడిపోకు. యాక్సిల్ నంబరు, అదే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు చుట్లెన్నో చెప్పేది, పెద్దది చూసి తీసుకో" అన్నాడు.

గురువారం బాబాతో షోరూంకు పోయాను. డీజిల్ వద్దని ఆయన ముందే అన్నాడు. పడవ బరువు లాగగలవని టై కట్టుకున్న కుర్రాడు రెండు బండ్లు చూపించాడు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. రెండింటికీ ఎనిమిది సిలిండర్లే, కానీ నల్లదాని ఇంజను పెద్దది. స్టార్టు చేస్తే ఒంటె ఆవలించినట్టు ఒక గంభీరమైన చప్పుడు. బాబా కళ్ళు మెరిశాయి. నేను మాత్రం నా విద్య చూపించాలి కదా. చేతులు వెనక్కి కట్టుకుని, "యాక్సిల్ నంబరు చూపించు" అన్నాను. టై కుర్రాడు కాగితాలు ముందు పెట్టాడు. నల్లదానికి మూడు చుక్క ముప్పైఒకటి. తెల్లదానికి మూడు చుక్క తొమ్మిది.

మూడుకు మూడు సరిపోయింది. ముప్పైఒకటి పెద్దదా, తొమ్మిది పెద్దదా? బాలవాడి పిల్లోడైనా చెబుతాడు. నేనూ చెప్పాను. "బాబా, నల్లదే. ఇంజనూ పెద్దది, నంబరూ పెద్దది" అన్నాను. బాబా నా భుజం తట్టాడు. ఆదివారం సంతకాలు, రిజిస్ట్రేషన్ అనుకుని బయటికొచ్చాం. టై కుర్రాడు కూడా నన్ను "ఇంజనీర్" అన్నాడు. నేను ఖండించలేదు.

అటునుంచి అటే ఒక మిఠాయి పొట్లం కట్టించుకుని అర్దియా వెళ్ళాను. మేస్త్రీ అప్పుడే చేతులు కడుక్కుంటున్నాడు. కథంతా ఇంజనీర్ బిరుదుతో సహా చెప్పాను. ఆయన మిఠాయి తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"నంబర్లు మళ్ళీ చెప్పు."

"మూడు చుక్క ముప్పైఒకటి. రెండోది ఉత్త మూడు చుక్క తొమ్మిదే."

రెండు నిమిషాలు ఆగాను. నవ్వు రాలేదు. మిఠాయి పక్కన పెట్టి, జేబులోంచి సుద్ద తీసి, స్టాండు మీద ఎత్తి ఉన్న ఒక బండి దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. షాఫ్టు మీద గీత గీసి, పట్టుకుని తిప్పమన్నాడు. మూడు చుట్లు తిప్పించాడు. "ఇప్పుడు నాలుగో చుట్టు మొదలెట్టు. ఆగు." గీత పావు దాటి ఇంకాస్త పోయింది. "ఇది నీ ముప్పైఒకటి. నాలుగో చుట్టుని వంద ముక్కలు చేత్తే అందులో ముప్పైఒకటి. మూడో వంతు కూడా లేదు. ఇంకా తిప్పు. సగం దాటింది. ముప్పావు దాటింది. ఇంకా. ఆగు." గీత దాదాపు మళ్ళీ నెత్తికెక్కింది. "చుట్టుని పది ముక్కలే చేత్తే అందులో తొమ్మిది. ఇది నీ ఉత్త తొమ్మిది."

నేను ఆ గీత వంక చూస్తూ నిలబడ్డాను. ఏడో తరగతిలో తప్పించుకుని పారిపోయిన చుక్క అరేబియా సముద్రం దాటొచ్చి నన్ను అర్దియాలో పట్టుకుంది. నేను కొనిపించబోయింది పరిగెత్తే బండి. లాగేది తెల్లది.

ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. "పోనీ మేస్త్రీ, పడవను గాలిబుడగలు కట్టి తేలిగ్గా చేస్తాం. లేదంటే ఎనక మీరూ నేనూ తోస్తాం" అన్నాను.

ఆయన మొదటిసారి విసుక్కున్నాడు. "ఒరేయ్, నీ జోకులు హారన్ లాంటియ్యి. దారి అడగటానికి పనికొత్తాయి. హారన్ కొడితే బండి లాగదురా."

నేను గొంతు తగ్గించి ఇంకో దారి చెప్పాను. నల్లది ఇంటికొచ్చాక ఒకరోజు తోలుకొస్తాను, ఎవరికీ తెలియకుండా డిప్ప విప్పి వేరే క్రౌన్ పినియన్ వేసెయ్యండి. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కొత్త బండి పొట్ట కోత్తే కంపెనీ గ్యారంటీ పోద్ది. అదొకటి. నా సుద్ద దొంగపనికి రాదు. అదొకటి. ఇంకా సంతకం పడలేదు గదా? వెళ్ళి చెప్పెయ్."

"చెప్తే పంపించేస్తాడు మేస్త్రీ. అన్నీ తెలుసని చెప్పి చేరినోణ్ణి."

"నువ్వు చెప్పకపోతే పడవ చెప్తాది. ఆగస్టు ఎండలో, ఫ్లైఓవరు మీద, వెనకాల వంద కార్లు హారన్ కొడతా ఉంటే, గేర్‌బాక్సు ఉడికి పొగొచ్చినప్పుడు చెప్తాది. నీకన్నా గట్టిగా చెప్తాది. ఏది నయమో నువ్వే చూసుకో."

మరుసటి రోజు శుక్రవారం. ప్రతి శుక్రవారం పొద్దున్నే బాబాను షర్క్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్ళడం ఆ ఇంటి ఆచారం. చేప ఆయనే చూసి కొంటాడు, ఇంకొకరిని నమ్మడు. నా పక్క సీట్లో తస్బీ జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాడు. మొదటి సిగ్నల్ దగ్గర చెబుదామనుకున్నాను, పచ్చ పడింది. రెండోదాని దగ్గర అద్దం తుడుస్తూ కూర్చున్నాను. మూడో సిగ్నల్ ఎర్రగా, చాలాసేపు ఉంది. ముందువైపే చూస్తూ చెప్పేశాను. నాకు నంబర్లు చదవడం రాదని. ఏడో తరగతిలో బడి మానేశానని. వచ్చిన రోజు చెప్పింది అబద్ధమని. నల్లబండి తప్పని. నా అరబ్బీ వంకరటింకరగా ఉన్నా ఆ రోజు ఒక్క జోకు కూడా దొర్లలేదు.

ఆయన చేతిలో తస్బీ ఆగింది. షర్క్ దాకా మళ్ళీ తిరగలేదు. మార్కెట్‌లో ఒక్కో చేప మొప్ప ఎత్తి చూస్తూ, వేలితో నొక్కుతూ అరగంట తిరిగాడు. నేను సంచీ పట్టుకుని వెనక నడుస్తూ, ఊళ్ళో కూతురి బడిలో ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. చివరికి సంచీలో చేపలు వేస్తూ అన్నాడు. "రేపు మీ ముసలాయన్ని షోరూంకు రమ్మను. ఆ సుద్ద తెమ్మను."

శనివారం మేస్త్రీ చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలో వచ్చాడు. షోరూం వెనక యార్డులో రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టించాడు బాబా. జాకీ అడిగితే టై కుర్రాడు పైఅధికారిని పిలిచాడు, పైఅధికారి బాబా మొహం చూసి జాకీని పిలిచాడు. చెక్కముక్కలు పెట్టాం, నల్లబండి వెనక చక్రం ఒకటి లేచింది. అప్పుడు మేస్త్రీ సుద్ద నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కింద దూరు. నా మోకాలు వంగట్లేదు. నేను చక్రం తిప్పుతాను, నువ్వు లెక్కపెట్టు. గట్టిగా లెక్కపెట్టు, ఆయనకి వినపడాలి."

సిమెంటు కాలుతోంది. వీపు ఆనించి పడుకుని, షాఫ్టు మీద గీత గీశాను. చక్రం కదిలింది. "ఒకటి" అన్నాను. తెలుగులోనే వచ్చింది. "రెండు. మూడు." గీత మళ్ళీ కిందికి దిగడం మొదలుపెట్టి పావు దాటి ఆగిపోయింది. మేస్త్రీ రెండు చుట్లు పూర్తి చేశాడు. "మూడు మీద మూడో వంతు, అదీ నిండా లేదు" అని అరిచాను. పైన మేస్త్రీ దాన్ని అరబ్బీలో చెప్పాడు.

తెల్లబండి కింద దూరాను. "ఒకటి. రెండు. మూడు." ఈసారి గీత ఆగలేదు. "పావు. అర. ముప్పావు." ఇంకా కదులుతోంది. ఆగింది. నెత్తికెక్కడానికి ఒక రవ్వ తక్కువ. దాన్ని ఏమని చెప్పాలో ఒక్క క్షణం తెలియలేదు. అప్పుడు మా అవ్వ గొంతు గుర్తొచ్చింది. శెనక్కాయలు కొలిచేటప్పుడు వీసం, పరక, పావు అని ఆవిడ నోటిలెక్కలు నాకు బడికంటే ముందే వచ్చు. "నాలుక్కి వీసమెత్తు తక్కువ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లెక్క తెలియకపోవడం కాదు, లెక్కకు వేసిన చొక్కా చూసి భయపడ్డాను ఇన్నాళ్ళూ.

పక్కన చెప్పులు కనిపించాయి. బాబా తెల్లటి దిష్‌దాషా అంగీని మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని గొంతుక్కూర్చుని, షాఫ్టు మీది గీతను చూస్తున్నాడు. తరవాత లేచి చక్రం తనే తిప్పాడు. నాచేత మళ్ళీ లెక్కపెట్టించాడు. చేపను నొక్కి చూసినట్టే.

"కానీ దీని ఇంజను చిన్నది," అన్నాడు మేస్త్రీతో. "మా తమ్ముడు నవ్వుతాడు."

"నవ్వనీయండి. పడవ లాగేటప్పుడు ఇంజను ఎంత పెద్దదో ఎవరికీ కనపడదు, బండి ఆగిపోతే అందరికీ కనపడుద్ది" అన్నాడు మేస్త్రీ తన అర్దియా అరబ్బీలో. "ఇది కాస్త ఎక్కువ తాగుద్ది. హైవే మీద కాస్త ఎక్కువ అరుస్తుంది. నిజం చెప్తున్నాను. కానీ మీ పడవకి ఇది చాలు. గేర్‌బాక్సు చల్లబరిచే పెద్ద రేడియేటరు మాత్రం వేయించండి. ఇక్కడి ఎండకి అది లేకుండా వద్దు."

బాబా కాసేపు రెండు బండ్ల మధ్య నిలబడి, తెల్లదాని బానెట్ మీద చెయ్యి వేశాడు. తరవాత నావైపు తిరిగాడు. నేను అప్పుడే కిందనుంచి వచ్చాను, జుట్టునిండా దుమ్ము.

"నీకు చదవడం రాదని నాకెప్పుడో తెలుసు. మామా ఇంగ్లీషులో రాసిచ్చే సరుకుల చీటీ ఫోటో తీసి ఎవరికో పంపి చదివించుకుంటావు. ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు." నాకు చెవులు కాలాయి. "అన్నీ తెలిసిన డ్రైవర్లు నాకు నలుగురు వచ్చారు. నలుగురూ బండి చెడిపోయాక చెప్పారు. నువ్వు ముందు చెప్పావు. పాస్‌పోర్టు రేపు మందూబ్‌కు ఇవ్వు, ఇఖామా పని చూస్తాడు. యల్లా, పద, నాకు ఆకలేస్తోంది."

తెల్లబండి టైరుకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఏదో ఒకటి అనాలి, లేకపోతే ఏడ్చేట్టున్నాను. "మేస్త్రీ, ఈ తూరి నిజంగానే ఇంజనీర్ నయ్యానా?" అన్నాను. ఆయన మొహం కదలకుండా సుద్ద నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నాడు. కారెక్కాం, సీటు బెల్టు పెట్టుకున్నాం, గేటు దాటాం. అప్పుడు వెనక సీట్లోంచి కిచకిచ మొదలైంది.

ఇంకో సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఏదో పనిమీద అర్దియా వెళితే, ఒక నీళ్ళ ట్యాంకరు కింద రెండు కాళ్ళు కనిపించాయి. మోకాళ్ళు రెండూ చక్కగా ముడుచుకుని ఉన్నాయి.

"ఏం మేస్త్రీ, పొద్దున వంగని మోకాలు అప్పుడే వంగిందే?"

"తెల్ల చొక్కా మాసిపోద్దని చెప్పలేదులేరా" అంది ట్యాంకరు.

తెల్లబండి మొదటిసారి పడవను లాగింది ఆగస్టులోనే. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు నా కళ్ళు రోడ్డు మీద ఒకసారి, గేర్‌బాక్సు వేడి చూపించే ముల్లు మీద నాలుగుసార్లు. ముల్లు కదల్లేదు. ఇంజను కాస్త గట్టిగా అరిచింది, ఆయన చెప్పినట్టే. వెనక ఆ పెద్ద పడవ మర్యాదగా వస్తోంది. పైకెక్కి దిగాక ముల్లు మీంచి చూపు తిప్పాను. పక్కన బాబా అప్పటికే నిద్రపోతున్నాడు. ఒక డ్రైవరుకు అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదు.

మేస్త్రీ పోయినేడు పని మానేసి పాలకొల్లు వెళ్ళిపోయాడు. సుగుణమ్మగారికీ రిటైర్మెంటు వచ్చింది. ఇప్పుడు వారానికోసారి ఫోన్ చేస్తాడు. బాగున్నావా అని అడగడు, "ఆయిలు మార్చావా?" అంటాడు. నేనేదో జోకు చెబుతాను. ఫోన్ పెట్టేసిన రెండు నిమిషాలకు మళ్ళీ మోగుతుంది. ఎత్తితే అవతల మాటలుండవు, నవ్వుంటుంది.

నా కూతురు ఇప్పుడు దశాంశాల పాఠంలో ఉంది. మొన్న వీడియోలో సైకిలు పెడలు తిప్పించి, చుక్క తరవాతి అంకె ఏమిటో నేనే చెప్పాను. మా ఆవిడ ఫోన్ లాక్కుని, ఇది నిజంగా నా మొగుడేనా అని దగ్గరగా చూసింది. నాకు వచ్చింది అంతే, అది మాత్రం గట్టిగా వచ్చింది. ఇప్పుడు ఎవరేమడిగినా ముందు "తెలియదు" అనేస్తాను. అన్నాక ఒళ్ళు ఎంత తేలికవుతుందో! ఆ తరవాత "చూసి చెబుతా" అంటాను, వెళ్ళి చూస్తాను.

ఈ ఉదయం పాత ఆయిలంతా దిగాక, కొత్తది పోసి, బోల్టు బిగించాను. షాఫ్టును గుడ్డతో తుడిచాను. పాత గీత ఎప్పుడో దుమ్ముకూ ఉప్పునీళ్ళకూ పోయింది. చొక్కా జేబులోంచి సుద్ద తీశాను. వెళ్ళేముందు ఆయన ఇచ్చినది అరిగిపోయి చాలాకాలమైంది, ఇది నేను కొన్నది. బండి కింద పడుకుని, ఎవరికీ కనిపించని ఆ చోట, షాఫ్టు మీద కొత్త గీత ఒకటి గీశాను. తుడవకుండా బయటికొచ్చాను.